ఒక్క మాట పట్టుకుని డిక్షనరీ యాప్‌కి రివ్యూ, 5కి 3 స్టార్లు

ఈ ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ యాప్ నా ఫోన్‌లో ఏడాదిగా ఉంది. పేరు చెప్పను, ఎందుకంటే తిట్టేది కూడా కాస్త ఉంది, పైగా ఈ జబ్బు దీనొక్కదానిదే కాదు. యాప్ మొత్తం గురించి రాసే ఓపిక లేదు గానీ ఒక్క మాట పట్టుకుని చెప్తా, ప్రొవొకేటివ్లీ అనే మాట, ఎందుకంటే నా పరువు పోయింది సరిగ్గా అక్కడే.

ఏమైందంటే ఫ్రెండ్ ఒకడు ఒక వ్యాసం తెలుగులోకి రాసిపెట్టమన్నాడు. పిల్లలకి హోంవర్క్ నిజంగా అవసరమా అనే వ్యాసం. అందులో ఇంకో వ్యాసం గురించి చెప్తూ 'ప్రొవొకేటివ్లీ టైటిల్డ్' అని ఉంది, యాప్‌లో కొట్టా, 'రెచ్చగొట్టే విధంగా' అని వచ్చింది, ఇంకే అర్థమూ లేదు, నేనూ ఇంకేం ఆలోచించకుండా 'రెచ్చగొట్టే విధంగా పేరు పెట్టిన వ్యాసం' అని రాసి పంపేశా. అరగంటలో ఫోన్. 'ఏరా, హోంవర్క్ దగ్గర ఎవరు ఎవర్ని కొట్టార్రా' అని ఒకటే నవ్వు.

తప్పు యాప్‌దా నాదా అంటే ఇద్దరిదీ. రెచ్చగొట్టే విధంగా అన్నది తప్పు అర్థం కాదు, ఆ మాటకున్న మూడు ముఖాల్లో ఒకటి, అంతే. మొదటిది కోపం తెప్పించేలా, గొడవకి కాలు దువ్వుతూ. రెండోది మనిషిని ఊరిస్తూ, ఆకర్షిస్తూ, అంటే చూపూ నవ్వూ నడకా డ్రెస్సూ ఈ లెక్కలోవి. మూడోది ఆలోచనలో పడేసేలా, చర్చ లేపేలా, అంటే నిన్ను ఊరికే కూర్చోనివ్వకుండా 'అదేంటి అలా అన్నాడు' అనుకునేలా. నా హోంవర్క్ వ్యాసం ఈ మూడో రకం. అక్కడ రెచ్చగొట్టడం అని రాస్తే దొమ్మీ వాసన వస్తుంది.

మూడింట్లోనూ కామన్‌గా ఉన్నది మాత్రం కావాలని చేయడం. ఇది యాప్‌లో ఎక్కడా లేదు, నాకు మెల్లిగా తెలిసింది. ప్రొవోక్ అనే క్రియకి మనిషే అక్కర్లేదు, ఒక మందు కూడా అలర్జీని ప్రొవోక్ చేయొచ్చు. కానీ ప్రొవొకేటివ్లీ అన్నామంటే మాత్రం ఎదుటివాడు ఉలిక్కిపడాలని ఎవరో అనుకునే చేశారు అన్న వాసన మామూలుగా ఉంటుంది. బస్సులో పొరపాటున కాలు తొక్కితే దానికి ఈ మాట పడదు, తొక్కి నీ మొహం చూసి నవ్వితే పడుతుంది.

అందుకే నాకు యాప్ ఇచ్చిన ఉదాహరణ మీద మంట. ఉన్నది ఒక్కటే ఉదాహరణ, అదీ ఒకమ్మాయి డ్రెస్ గురించి. నిజమే, ఇంగ్లిష్‌లో ఆ వాడుక బాగా ఎక్కువ, కాదనను, కానీ ఒక్కటే పెట్టాల్సి వస్తే అదేనా దొరికింది? కావాలని చేశారు అనే ఆరోపణ ఈ మాటలోనే దాక్కుని ఉంది కదా, అంటే ఆ వాక్యం రాసినవాడు ఆ అమ్మాయి మనసులో ఏముందో తనకి తెలుసని చెప్తున్నట్టు. చాలాసార్లు ఆ ఉద్దేశం చూసేవాడి కళ్ళలోదే. కనీసం 'ఇది చెప్పేవాడి అభిప్రాయం, జాగ్రత్త' అని ఒక లైన్ పెట్టొచ్చు.

ఇంకో విచిత్రం చూడండి. తెలుగులో దీనికి దాదాపు సరిపోయే మాట మనకి ముందే ఉంది, కవ్వింపు. పేపర్లో సరిహద్దు వార్తలు చదివితే 'కవ్వింపు చర్యలు' అని ఉంటుంది, అది మొదటి ముఖం. కవ్వించే చూపు అంటాం, అది రెండోది. ఒకే మాట యుద్ధానికీ వలపుకీ, అచ్చం ఇంగ్లిష్‌లో లాగే. ఇంత చక్కటి మాట ఇంట్లో పెట్టుకుని యాప్ వాళ్ళు 'విధంగా' పట్టుకుని వేలాడుతున్నారు. మూడో ముఖానికి మాత్రం కవ్వింపు చాలదు, అక్కడ 'ఆలోచన రేకెత్తించేలా' అనో 'చర్చకి తెర లేపేలా' అనో వెళ్ళాలి.

సరే, మెచ్చుకోవాల్సింది కూడా చెప్తా, ఆడియో బటన్. సూపర్. నేను ఇన్నేళ్ళూ ప్రొవొ'కే'టివ్లీ అని 'కే' మీద బరువేసి అంటున్నా, విన్నాక తెలిసింది ప్ర'వా'కటివ్లీ అని రెండో ముక్క మీద నొక్కాలట. ప్రొవోక్‌లో కూడా బరువు రెండో ముక్క మీదే కానీ అక్కడ 'వో' సాగుతుంది, ప్రావకేషన్‌లో బరువు 'కే' మీదకి దూకుతుంది. నేను ఆ 'కే'ని దీంట్లోకి ఈడ్చుకొచ్చానన్నమాట. ఒకే ఇంటి పిల్లలు, ముగ్గురిదీ మూడు నడకలు. ఈ ఒక్క బటన్‌కే ఒకటిన్నర స్టార్ ఇచ్చేయొచ్చు.

మాట పుట్టుక గురించి కూడా రెండు లైన్లు ఉన్నాయి, బావున్నాయి. లాటిన్‌లో ప్రో అంటే ముందుకి, వొకారే అంటే పిలవడం. అంటే 'రా బయటికి, తేల్చుకుందాం' అని పిలవడమే! రోమ్ గ్లాడియేటర్లలో ఒక రకం వాళ్ళని ప్రొవొకేటర్ అనేవాళ్ళు, సవాలు విసిరేవాడు అని అర్థం (ఇది యాప్‌లో లేదు, నేనే వేరేచోట చదివా). వోకల్, వొకేషన్, ఇన్వోక్, ఎవోక్ అన్నీ ఆ పిలుపు చుట్టాలే.

పర్యాయపదాలు మాత్రం దండగ. టీజింగ్లీ, సెడక్టివ్లీ, అగ్రెసివ్లీ, ఇన్‌ఫ్లమేటరీ అన్నీ ఒకే కుప్ప, ఏది ఏ ముఖానిదో చెప్పకుండా. చివరిది అసలు క్రియావిశేషణమే కాదు, విశేషణం! ఎవరైనా పిల్లాడు నమ్మి మీటింగ్‌లో బాస్ సెడక్టివ్లీ, అంటే వలపు పుట్టించేలా, మాట్లాడాడు అని రాస్తే ఏం కావాలి?

వాక్యంలో ఎక్కడ పెట్టాలో కూడా చెప్పలేదు. క్రియ తర్వాత వస్తుంది, స్మైల్డ్ ప్రొవొకేటివ్లీ. టైటిల్డ్, వర్డెడ్ లాంటివాటికైతే ముందు వస్తుంది. ఒక్కోసారి వాక్యం మొదట్లోనే కామాతో కూర్చుంటుంది, అప్పుడు రాసినవాడే 'ఇది కావాలనే గిల్లిన మాట' అని మనకి చెప్తున్నట్టు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ మూడోదే ఎక్కువ ఏడిపిస్తుంది, ఒక్క మాటతో పనవదు, వాక్యమే విరగ్గొట్టి రాసుకోవాలి.

ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది, యాడ్స్ భరించగలిగినన్నే. ఫీడ్‌బ్యాక్‌లో కవ్వింపు గురించి పొడుగ్గా రాసి పంపా, 'మీ సూచనకి ధన్యవాదాలు' అని మెయిల్ వచ్చింది, రెండు నెలలైంది, అర్థం ఇంకా అదే ఒక్కటి. అన్‌ఇన్‌స్టాల్ అయితే చేయలేదు, ఆడియో కోసం ఉంచా. హోంవర్క్ వ్యాసంలో ఆ లైన్ మాత్రం 'పేరు చూస్తేనే వాదనకి దిగాలనిపించే వ్యాసం' అని మార్చి పంపా. మావాడు ఈసారి ఫోన్ చేయలేదు.