వార్తల వెనక మనుషుల గొంతులు: కొన్ని ఆడియో డాక్యుమెంటరీల గురించి

రికార్డింగులు విని టైప్ చేయడం నా వృత్తి. వాంగ్మూలాలు, ఇంటర్వ్యూలు, మీటింగులు, ఏవైనా సరే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆపుతూ, వెనక్కి తిప్పుతూ ఒక్క ముక్క పోకుండా రాసిపెట్టాలి. ఏళ్ల తరబడి ఈ పని చేస్తే చెవికి ఒక అలవాటు పడిపోతుంది. మాట్లాడేవాళ్లు ఎక్కడ మాట మింగేశారో, ఎడిటర్ ఎక్కడ కత్తెర వేశారో వద్దన్నా తెలిసిపోతుంది. పెద్ద పెద్ద అంతర్జాతీయ వార్తల వెనక ఉన్న మామూలు జీవితాల మీద వచ్చే ఆడియో డాక్యుమెంటరీలను కూడా ఆ చెవితోనే వింటాను. వీటి మీద నాకున్న ఇష్టం మాటల్లో చెప్పలేనంత. అలాగని అన్నీ ఒక్క తీరుగా ఉండవు కాబట్టి నచ్చినవీ నచ్చనివీ రెండూ రాస్తున్నాను.

ఒక్కటే వినే తీరిక ఉంటే 'దిస్ అమెరికన్ లైఫ్' అనే అమెరికా రేడియో కార్యక్రమం 2019 నవంబరులో ప్రసారం చేసిన 'ది ఔట్ క్రౌడ్' వినండి. దాదాపు గంట ఉంటుంది. అమెరికా జర్నలిజంలో పెద్ద గౌరవమైన పులిట్జర్ బహుమతిని ఆడియో జర్నలిజానికి ఇవ్వడం 2020లో మొదలైంది. ఆ విభాగంలో మొట్టమొదటి బహుమతి దీనికే దక్కింది.

నేపథ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో ఆశ్రయం కోరి దక్షిణ సరిహద్దుకు వచ్చినవాళ్లను, కేసు తేలేదాకా మెక్సికోలోనే పడి ఉండమని తిప్పి పంపే విధానం 2019 జనవరిలో అమల్లోకి వచ్చింది. టీవీలో అప్పుడు మనం చూసినదంతా గోడ, కంచె, నాయకుల ప్రసంగాలు. ఈ కార్యక్రమం మటమోరోస్ అనే మెక్సికో ఊళ్లో, సరిహద్దు వంతెన పక్కన వెలిసిన టెంట్ల దగ్గర మొదలవుతుంది. వంతెన దాటితే టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్. అంత దగ్గర. అక్కడ పిల్లలున్నారు, వాళ్లకు రోజు గడవాలి, వంట కావాలి, స్నానం కావాలి. విధానం అన్న మాటకు అసలు అర్థం అక్కడ తెలుస్తుంది.

తర్వాతి భాగం ఇంకా నచ్చింది. అందులో లాస్ ఏంజెలిస్ టైమ్స్ విలేకరి మాలీ ఓ'టూల్ ఆ విధానాన్ని అమలు చేయాల్సిన అధికారులతో మాట్లాడారు. వచ్చినవాళ్లను ఇంటర్వ్యూ చేసి, మెక్సికోలో వాళ్లకు ప్రమాదం ఉందో లేదో తేల్చడం ఆ అధికారుల పని. హాని జరగకపోవడం కన్నా జరిగే అవకాశమే ఎక్కువని తేలితే తప్ప వెనక్కి పంపడం ఆపడానికి వీల్లేదు. మామూలుగా జరిగే తొలి ఇంటర్వ్యూల కన్నా ఇది చాలా కఠినమైన కొలత. ఎదుటి మనిషి చెప్పేది నిజమని తనకు అనిపిస్తున్నా, రూలు ప్రకారం వెనక్కి పంపే కాగితం మీద సంతకం పెట్టాలి. ఆఫీసు ఉద్యోగం చేసే ఎవరికైనా ఆ ఇరకాటం అర్థమవుతుంది. ఇలాంటి కథల్లో బాధితుల గొంతు ఎలాగూ వింటాం. సంతకం పెట్టిన చేతి తాలూకు గొంతు వినపడడం అరుదు.

ఇక మూడో భాగం. ఎమిలీ గ్రీన్ అనే విలేకరి సరిహద్దు దగ్గర న్యువో లారెడో అనే ఊళ్లో ఒక తండ్రినీ, ఆయన కొడుకునీ కలిశారు. అమెరికా అధికారులు వాళ్లను వెనక్కి పంపిన 5 గంటలకే ముఠావాళ్లు ఆ తండ్రీకొడుకులను ఎత్తుకుపోయారు. అంతకు ముందే ఆమె ఆయనతో మాట్లాడి రికార్డు చేసి ఉంది. అమెరికాలో ఉన్న బంధువులకు డబ్బు కోసం ఫోన్లు వచ్చాయి. ఆ ఫోన్ సంభాషణలు మనకు వినిపిస్తారు. నేను పనిలో ఎన్నో ఫోన్ రికార్డింగులు విన్నాను, గొడవలు, ఏడుపులు కూడా. కానీ సొంత మనిషి ప్రాణానికి బేరం ఆడే గొంతు ఎలా ఉంటుందో ఎప్పుడూ వినలేదు. ఆ స్పానిష్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అనువాదం రాకముందే నా చేతులు చల్లబడ్డాయి. వెనక సంగీతం పెట్టి మనల్ని ఏడిపించే ప్రయత్నం చేసి ఉంటే నేను అక్కడే ఆపేసేదాన్ని. ఆ కాల్‌కు ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చారు.

పైగా ఈ కార్యక్రమం ప్రతి ఎపిసోడ్‌కూ పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ వెబ్‌సైట్‌లో పెడతారు. ఇంగ్లిష్ యాస పట్టుకోలేని వాళ్లు, వినికిడి సమస్య ఉన్నవాళ్లు చదువుకుంటూ అనుసరించవచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దాని వెనక ఎవరో కూర్చుని గంటలు గంటలు పని చేసి ఉంటారు. ఆ కష్టం నాకు తెలుసు.

నేను చెప్పే రెండో కార్యక్రమం 'ఇన్ ది డార్క్' మూడో సీజన్. న్యూయార్కర్ పత్రిక తరఫున 2024లో వచ్చింది, 2025లో ఆడియో విభాగం పులిట్జర్ గెలిచింది. 2005 నవంబరు 19న ఇరాక్‌లోని హదీథాలో అమెరికా మెరీన్లు 24 మంది పౌరులను చంపారు. వాళ్లలో ఆడవాళ్లు, పసిపిల్లలు ఉన్నారు. రోడ్డు పక్క బాంబుకు ఒక మెరీన్‌తో పాటు 15 మంది పౌరులు చనిపోయారని సైన్యం మొదట ప్రకటించింది. అది అబద్ధమని మర్నాడు పత్రికల్లో రాలేదు, 2006 మార్చిలో గానీ బయటపడలేదు. నలుగురి మీద హత్య కేసు పెట్టారు. చివరికి ఒక్కరికి కూడా జైలు పడలేదు.

ఇంతవరకు పాత పేపర్లు తిరగేస్తే దొరుకుతుంది. ఈ సిరీస్ చేసిన విలేకరి మాడెలిన్ బారన్ బృందం నాలుగేళ్లు దీని మీద కూర్చుని చేసిన పని వేరు. చనిపోయినవాళ్ల ఫొటోలు సైన్యం దగ్గర ఉన్నాయి, ఇవ్వమని కోర్టుకెళ్లారు. బయటపెడితే బతికున్న కుటుంబ సభ్యులకు బాధ కలుగుతుందన్నది సైన్యం వాదన. అప్పుడు, ఆ రోజు తమవాళ్లను పోగొట్టుకున్న ఇద్దరు మనుషులు హదీథాలో ఇంటింటికీ తిరిగి, ఫొటోలు మాకు కావాలి అని 17 మంది బంధువుల చేత సంతకాలు పెట్టించుకొచ్చారు. ఈ ఒక్క సంఘటన నన్ను రోజుల తరబడి వదల్లేదు. మీకు బాధ కలుగుతుందని ఎవరో దూరదేశంలో కూర్చుని చెబుతుంటే, మా బాధ సంగతి మేం చెబుతాం అంటూ కాగితం పట్టుకుని గడప గడపా ఎక్కడం. ఫొటోలు వచ్చాయి. కొన్నిటిని కుటుంబాల అనుమతితో పత్రిక ప్రచురించింది.

హెచ్చరిక: ఇది రాత్రి పడుకునే ముందు వినేది కాదు. చట్టం, విచారణ వివరాలు ఎక్కువ, మధ్యలో ఒకటి రెండు ఎపిసోడ్లు నెమ్మదిగా నడుస్తాయి. వదిలెయ్యకండి.

వారం వారం వినడానికైతే బీబీసీ వరల్డ్ సర్వీస్ వాళ్ల 'ది డాక్యుమెంటరీ పాడ్‌కాస్ట్'. ఇందులో అన్నీ కలిపేసి ఇస్తారు. కళాకారుల పని చూపించే 'ఇన్ ది స్టూడియో', మతవిశ్వాసాల మీద 'హార్ట్ అండ్ సోల్', విలేకరి ఒక దేశం వెళ్లి తెచ్చే 'అసైన్‌మెంట్', ఒకే అనుభవం ఉన్న ఇద్దరు ముగ్గురిని కలిపి మాట్లాడించే 'ఓఎస్ కాన్వర్సేషన్స్'. నా ఓటు చివరి రెంటికి. 'అసైన్‌మెంట్'లో లిండా ప్రెస్లీ పేరు కనిపిస్తే మరో ఆలోచన లేకుండా నొక్కేస్తాను. ఆమె ప్రశ్న అడిగి ఊరుకుంటారు. ఎదుటివాళ్లు తడుముకుంటుంటే మాట అందించరు. ఇంటర్వ్యూ చేసేవాళ్లలో ఇది ఎంత అరుదో రోజూ వాళ్ల రికార్డింగులు టైప్ చేసే నన్ను అడగండి.

అయితే ఫిర్యాదులూ ఉన్నాయి. అరగంట స్లాటు కాబట్టి మొదటి అయిదారు నిమిషాలు దేశం పరిచయానికే పోతాయి. టాక్సీ తలుపు చప్పుడు, మార్కెట్ గోల, మెట్లెక్కుతున్న అడుగులు, ఇవి లేని ఎపిసోడ్ కనబడదు. ఎక్కడికెళ్లినా అదే మార్కెట్ గోల. తీరా విలేకరి వెళ్లిన ఇంటి మనిషి మనసు విప్పే సమయానికి టైమైపోతుంది. ఇంకోటి: వేరే భాషలో మాట్లాడేవాళ్ల సొంత గొంతు ఒక వాక్యం వినిపించి, వెంటనే దాని మీద ఇంగ్లిష్ గొంతు ఎక్కించేస్తారు. కనీసం వాక్యం చివర మళ్లీ అసలు గొంతును పైకి తేవచ్చు. కొందరు నిర్మాతలు తెస్తారు కూడా, అప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. 'ఓఎస్ కాన్వర్సేషన్స్'లో ఈ బెడద తక్కువ, ఎందుకంటే వచ్చేవాళ్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు. దాంతో ఇంగ్లిష్ రాని కూలీ, రైతు ఆ సంభాషణలోకి రాకుండా పోతారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

వినమని చెప్పలేనిది కూడా ఒకటుంది. 2018లో న్యూయార్క్ టైమ్స్ 'కాలిఫేట్' అనే సిరీస్ తెచ్చింది. ఐసిస్‌లో చేరి సిరియాలో హత్యలు చేశానని చెప్పుకున్న ఒక కెనడా వాసి కథ దానికి వెన్నెముక. అవార్డులొచ్చాయి. 2020లో కెనడా పోలీసులు అతని మీద బూటకపు ఉగ్రవాద కథ అల్లాడని కేసు పెట్టారు. ఆ కేసును తర్వాత ఉపసంహరించుకున్నారు. 2020 డిసెంబరులోనే, ఆ కథనం తమ ప్రమాణాలకు తగ్గట్టు లేదని పత్రికే ఒప్పుకుని, ప్రసార కార్యక్రమాలకు ఇచ్చే పీబడీ అవార్డు వెనక్కి ఇచ్చేసింది. చెవిలో దగ్గరగా వినిపించే గొంతును నమ్మెయ్యడం ఎంత సులువో ఈ ఉదంతం చెబుతుంది. వణికే గొంతు నిజం చెబుతోందని ఏమీ లేదు, తడబడని గొంతు అబద్ధమనీ లేదు. నా పనిలో రెండూ విన్నాను. అందుకే ఒక డాక్యుమెంటరీ బాగుందో లేదో చూసేటప్పుడు, ఈ మనిషి చెప్పినదాన్ని ఇంకెవరిని అడిగి సరిచూశారు అన్నది వెతుకుతాను. హదీథా సిరీస్‌లో దానికి జవాబు అడుగడుగునా దొరుకుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: 'ది ఔట్ క్రౌడ్'తో మొదలెట్టి, బీబీసీ ఫీడ్‌లో 'అసైన్‌మెంట్' ఎపిసోడ్లు నాలుగైదు విని, అప్పుడు 'ఇన్ ది డార్క్'కు వెళ్లండి. మూడూ పాడ్‌కాస్ట్ యాప్‌లలో దొరుకుతాయి. దయచేసి ఒకటిన్నర రెట్ల స్పీడులో పెట్టి వినకండి, ఎడిటర్ కష్టపడి వదిలిన మౌనాలన్నీ నలిగిపోతాయి. బీబీసీ వాళ్లకు ఒక విన్నపం: రేడియోకు అరగంట తప్పదు సరే, పాడ్‌కాస్ట్‌కు ఆ గడియారం ఎందుకు? ఆ ఇంటి మనిషితో చేసిన అసలు ఇంటర్వ్యూను పూర్తిగా, ఆమె సొంత భాషలో, పక్కన ట్రాన్‌స్క్రిప్ట్‌తో పెట్టండి. గంటన్నర ఉన్నా వినేవాళ్లున్నారు.