నాలుగేళ్ళు ఛాతీకి పట్టీ కట్టుకుని సైకిల్ తొక్కాక: నా హార్ట్ రేట్ మానిటర్ గోల

ముందే చెప్పేస్తున్నా, నేను కోచ్‌ని కాదు, రేసులకీ వెళ్ళను. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే సైకిల్ తొక్కుతా, ఆదివారం కాస్త దూరం పోతా, అంతే. కాకపోతే ఈ పల్స్ చూసుకునే వస్తువుల విషయంలో కొనడం, తిట్టుకోవడం, మళ్ళీ కొనడం అన్నీ అయ్యాయి.

అందరిలాగే నేనూ వాచీతోనే మొదలుపెట్టా. చేతికి ఉంది, పల్స్ చూపిస్తోంది, ఇంకోటి ఎందుకు దండగ అనుకున్నా. ఇంట్లో కూర్చుంటే 64, 66 అని బుద్ధిగానే చూపించేది. సైకిలెక్కితేనే దానికి తిక్క. ఒకరోజు ఎత్తు ఎక్కుతున్నా, నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నా, గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది, తీరా వాచీ చూస్తే 112! పైకెళ్ళి కాలు కింద పెట్టి నీళ్ళు తాగుతుంటే అప్పుడు తీరిగ్గా 140, 158, 163 అంటూ పెరగడం మొదలుపెట్టింది. నేను ఎక్కేసి దిగాక అది ఎక్కుతోంది.

వాచీ చెడిపోయిందనుకున్నా గానీ కాదు. వాచీ కింద పచ్చ లైటు ఉంటుంది కదా, అది చర్మంలోకి వెలుగు కొట్టి, రక్తం వచ్చిపోతుంటే వెనక్కొచ్చే వెలుగులో తేడా ఎంతో చూసి లెక్క కడుతుంది. సైకిల్ మీద మనం హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటాం, మణికట్టు వంచుతాం, రోడ్డు అదురంతా చేతుల్లోకే వస్తుంది, చలిగా ఉంటే చేతులకి రక్తం తగ్గుతుంది, ఇంక అది మాత్రం ఏం లెక్కపెడుతుంది పాపం. మణికట్టు ఎముకకి రెండు వేళ్ళు పైకి జరిపి కాస్త బిగిస్తే కొంచెం నయమే. నిదానంగా తొక్కే రోజు సరిపోతుంది, జోరు పెంచి తగ్గించి తొక్కే రోజు మాత్రం నమ్మొద్దు.

అప్పుడు చెస్ట్ స్ట్రాప్, అంటే ఛాతీకి కట్టుకునే పట్టీ కొన్నా. ఇది వెలుగుతో కాదు, గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే కరెంటునే పట్టుకుంటుంది, అంటే సూత్రం ఈసీజీదే. అలాగని దీన్ని చూసి గుండెకి జబ్బుందో లేదో తేల్చుకోవద్దు, కొట్టుకోవడం లెక్కపెట్టడం వరకే దీని పని. ఇదేం కొత్త సంగతి కూడా కాదు, ఫిన్లాండ్ కంపెనీ పోలార్ 1982లోనే ఛాతీ పట్టీ నుంచి చేతి వాచీకి వైర్ లేకుండా పల్స్ పంపే మోడల్ తెచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా సైక్లింగ్‌కి నేను దీనికే ఓటేస్తా. పెడల్ మీద గట్టిగా లేస్తే రెండు మూడు సెకన్లలో అంకె కదలడం మొదలవుతుంది.

కట్టుకోవడంలో ఒక చిన్న కిటుకు. పట్టీ లోపలివైపు నున్నగా ఉండే రెండు ముక్కలుంటాయి, వాటిని నీళ్ళతో బాగా తడిపి కట్టుకోవాలి. పొడిగా కట్టుకుంటే చెమట పట్టేదాకా, అంటే మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలే. నేను బాటిల్‌లోంచి వేలితో నాలుగు చుక్కలు రాస్తా. ఆడవాళ్ళయితే స్పోర్ట్స్ బ్రా ఎలాస్టిక్ పట్టీ మీదకి ఎక్కకుండా చూసుకోండి, ఎక్కితే ఒరుసుకుపోయి మంట, నాకు మొదటి నెల అదే అయింది. బ్రా అంచుకి సరిగ్గా కింద కట్టుకుని, ఊపిరి నిండా పీల్చినా బిగుసుకోకుండా, వంగినా జారకుండా ఉండేలా ఒకసారి సర్దుకుంటే చాలు, రెండు వారాల తర్వాత కట్టుకున్న సంగతే గుర్తుండదు.

గాలి పొడిగా ఉన్న రోజుల్లో ఇంకో తమాషా. వదులుగా ఉన్న జెర్సీ వేసుకుని దిగుడులో స్పీడుగా పోతుంటే, కాళ్ళు ఆడించకపోయినా 210 అని చూపించేది. సింథటిక్ గుడ్డ గాలికి కొట్టుకుని స్టాటిక్ కరెంటు పుడుతుంది, పట్టీ దాన్ని కూడా గుండె అనుకుంటుంది. పట్టీ తడిపి, ఒంటికి అతుక్కునే జెర్సీ వేసుకుంటే పోయింది.

అసలు నన్ను భయపెట్టింది మూడో ఏడు. చదును రోడ్డు మీద కబుర్లు చెప్పుకుంటూ పోతున్నాం, చూస్తే 194. కాసేపాగి 88. మళ్ళీ 201. అంకె చూశాక నిజంగానే గుండె దడ మొదలైంది. ఆగిపోయి, మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టా, 33 వచ్చింది, నాలుగుతో గుణిస్తే 132. నా గుండె బానే ఉంది, పాడైంది పట్టీ! (వేళ్ళతో లెక్కపెట్టినా తేడాగా ఉంటే, లేదా ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం లాంటివి ఉంటే, వస్తువు మీదకి నెట్టేయకుండా డాక్టర్ దగ్గరకి వెళ్ళండి.) ఇంటికొచ్చి బ్యాటరీ మార్చా, లాభం లేదు. అమ్మినవాళ్ళకి చెప్తే మొత్తం కొత్త సెట్టే కొనమన్నారు. మా ఆయన ఊరికే, పట్టీకి మాడ్యూల్ (లెక్కపెట్టి పంపే చిన్న డబ్బీ) తగిలించే టిచ్ బటన్లు వెలుతుర్లో పెట్టి చూసి, ఇదేంటి ఇలా పచ్చగా పట్టిందీ అన్నాడు. చెమట ఉప్పు. గుడ్డ లోపల కూడా ఉప్పు పేరుకుని గరుగ్గా అయిపోయింది. మాడ్యూల్ అలాగే ఉంచి గుడ్డ పట్టీ ఒక్కటే విడిగా కొని తగిలించా, మళ్ళీ కొత్తదానిలా పనిచేసింది. కాబట్టి కొనే ముందు చూడాల్సింది యాప్ రంగులు కాదు, పట్టీ విడిగా దొరుకుతుందా, బ్యాటరీ మనమే మార్చుకోగలమా అన్నది. నాది సీఆర్ 2032 బిళ్ళ బ్యాటరీ, చిన్న నాణెంతో మూత తిప్పి మార్చేసుకోవచ్చు.

అప్పట్నుంచీ రైడ్ అవ్వగానే మాడ్యూల్ ఊడదీసి, పట్టీని కుళాయి కింద జాడించి నీడలో ఆరేస్తున్నా. ఊడదీయకపోతే తడికి అది ఆన్‌లోనే ఉండి బ్యాటరీ తాగేస్తుంది కూడా. వారానికోసారి కొంచెం సబ్బు. పిండకండి, లోపలి తీగలు తెగుతాయి.

మధ్యలో దండకి కట్టుకునే బ్యాండ్ కూడా ఆరునెలలు వాడా. అదీ లైటుదే, కానీ మోచేతికి పైన కండ మీద ఉంటుంది కాబట్టి వాచీ కంటే చాలా మెరుగు. ఛాతీకి పట్టీ అంటే చిరాకుపడేవాళ్ళకి హాయిగా ఉంటుంది. ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతేనే బాధ, నేను రెండు ఆదివారాలు వరసగా మర్చిపోయా. కనెక్షన్ సంగతి: పట్టీ నుంచి అంకెలు వైర్ లేకుండా పంపే పద్ధతులు రెండు, యాంట్ ప్లస్, బ్లూటూత్, రెండూ ఉన్నది తీసుకోండి. యాంట్ ప్లస్ ఎన్నిటికైనా ఒకేసారి పంపుతుంది, పాత మోడళ్ళలో బ్లూటూత్ ఒక్కదానికే అతుక్కుంటుంది, ఫోన్ పట్టేసుకుంటే హ్యాండిల్ మీద అంకెలు చూపించే సైకిల్ కంప్యూటర్‌కి దొరకదు.

ఇంక అంకెల గురించి. గుండె ఎక్కువలో ఎక్కువ నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోగలదో తెలియాలంటే 220లోంచి వయసు తీసేయమనే లెక్క అందరికీ తెలిసిందే, నాకు 43, అంటే 177. ఇంకో లెక్కుంది, 208లోంచి వయసుకి 0.7 రెట్లు తీసేయాలి, అదీ 178 దగ్గరే వస్తుంది. రెండూ ఒకే మాట చెప్తున్నాయి కదా అని నమ్మేశా, తీరా ఒక ఎత్తు మీద నాకు 189 వచ్చింది, అదీ మంచి పట్టీతో. అవి పదిమంది సగటుకి, నీకూ నాకూ పదీ పన్నెండూ అటూ ఇటూ మామూలే. బీపీకి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) మాత్ర వేసుకునేవాళ్ళకయితే పల్స్ అంతగా పెరగదు, ఈ లెక్కలు అస్సలు పనికిరావు. నేను చేసింది ఏంటంటే, బాగా వార్మప్ అయ్యి అరగంట ఒంటరిగా ఓపికున్నంతా తొక్కి, చివరి ఇరవై నిమిషాల సగటు చూసుకున్నా. 168. దాన్లో 81 నుంచి 89 శాతం, అంటే 136 నుంచి 149 నా నిదానం రైడ్లకి.

ఆ అంకెలు పెట్టుకున్నాక సిగ్గేసింది. తేలిగ్గా తొక్కుతున్నా అనుకున్న రోజులన్నీ 155 మీదే ఉన్నా. ఎవరైనా పక్కనుంచి దాటిపోతే చాలు, పల్స్ ముందు, నేను వెనకాల. ఇప్పుడు 149 దాటితే పీక్ పీక్ అని అరుస్తుంది, గేరు తగ్గిస్తా, వాళ్ళని పోనిస్తా. ఇరవై ముప్ఫై సెకన్ల స్ప్రింట్లకి మాత్రం ఈ అంకె చూసుకోవద్దు, గుండె అందుకునేసరికి మీ స్ప్రింటే అయిపోతుంది. అలాగే ఎండలో రెండు గంటలు దాటాక అదే జోరుకి పది ఎక్కువ చూపిస్తే కంగారుపడకండి, ఒంట్లో నీళ్ళు తగ్గి, వేడెక్కి అలా పైకి జరుగుతుంది. సరిగ్గా నిద్రపోని రోజు కూడా అంతే.

ఇప్పుడు వాడుతున్నది రెండో పట్టీ, టిచ్ బటన్లు ఇంకా తళతళా మెరుస్తున్నాయి. వాచీ చేతికే ఉంది, టైం చూసుకోవడానికి.