ఎండాకాలం బండికి ఏది మేలు: చిక్కటి ఆయిలా, పల్చటి ఆయిలా?

ఏప్రిల్ వచ్చిందంటే మెహదీపట్నంలో మా మెకానిక్‌ది ఒకటే పాట: "ఎండలు ముదిరాయి సార్, ఈసారి చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోద్దాం, ఇంజన్ చల్లగా ఉంటుంది." నాది గాలితో చల్లబడే 110 సీసీ బండి. కంపెనీ పుస్తకంలో రాసింది అంతకంటే పల్చటి 10డబ్ల్యూ-30. అయినా ఒకసారి ఆయన మాట విన్నాను. పొద్దున్నే కిక్ కొడితే ఇంజన్ బరువుగా తిరిగేది, పికప్ మందగించింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కాళ్లకు కొట్టే సెగ మాత్రం వీసమంత తగ్గలేదు.

తగ్గదు కూడా. ఆయిల్ పొరలు ఒకదానిపై ఒకటి జారుతుంటేనే కొంత వేడి పుడుతుంది. చిక్కదనం పెరిగితే ఆ వేడీ పెరుగుతుంది. పైగా చిక్కటి ఆయిల్ సన్నటి దారుల్లో నింపాదిగా పారుతుంది, పిస్టన్ దగ్గరి వేడిని మోసుకెళ్లడమూ నింపాదిగానే. ఆయిల్ పేరులో చివరి అంకే దాని గ్రేడ్. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు, 50 గ్రేడ్‌ది 16.3 నుంచి 21.9 లోపు. చారుకీ సాంబారుకీ ఉన్నంత తేడా.

డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించినది. 10డబ్ల్యూను మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. మన హైదరాబాద్ చలికి అంత భయం అక్కర్లేదు. చూడాల్సింది వేడిలో చిక్కదనాన్ని చెప్పే రెండో అంకె.

అలాగని పల్చన చేసుకుంటూ పోతే మరో ప్రమాదం. 50 గ్రేడ్ కోసం తయారైన బుల్లెట్ ఇంజన్‌లో 30 గ్రేడ్ పోస్తే, వేడికి ఆయిల్ పొర మరీ పల్చబడి ఇనుము ఇనుముకు తగలవచ్చు. ఆ రాపిడి వేడి ముందు చిక్కటి ఆయిల్ వేడి ఏపాటిది?

ఇక 20డబ్ల్యూ-40. బాగా అరిగిపోయి, పొగ వదులుతూ ఆయిల్ తాగే పాత బండికి ఇది పనికొస్తుంది. ఎందుకంటే ఆయిల్ తరగడం తగ్గుతుంది. లేకపోతే మిగిలిన కాస్త ఆయిలే మొత్తం వేడిని మోయాలి. చిక్కటి ఆయిల్ చల్లబరుస్తుందన్న నమ్మకం ఇక్కడే పుట్టి ఉంటుందని నా అనుమానం. ఏది పోసినా డబ్బా మీద జాసో ఎంఏ (గేర్ల బండ్ల ఆయిల్‌కు జపాన్ వాళ్ల ప్రమాణం) ఉందో లేదో చూడండి. కారు ఆయిల్ పోస్తే గేర్ల బండిలో క్లచ్ జారవచ్చు.

నేను మళ్లీ 10డబ్ల్యూ-30కే వచ్చాను. ఆ రోజు డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచితే, ఆయిల్ కింది గీతకు కూడా అందలేదు. మెకానిక్ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, గ్రేడ్ ఊసెత్తకుండా కొత్త డబ్బా మూత తీశాడు.