దెయ్యానికి గతం అవసరమా? మసూద, విరూపాక్ష, హిట్, ఆత్రేయ

మా బావమరిదికి దెయ్యం సినిమా అంటే పదిమందితో కలిసి కేకలు పెట్టడం. నాకేమో, ఇంటికొచ్చాక వంటింట్లో లైటు ఆర్పడానికి వెనకాడటం. మొన్న పండక్కి వచ్చినప్పుడు భోజనాల ముందు సూటిగా అడిగాడు: "బావా, మసూద గొప్పదా, విరూపాక్ష గొప్పదా? అక్క పిలిచేలోగా ఒక్క మాటలో తేల్చు." తేలలేదు. అక్క మూడుసార్లు పిలిచింది, చారు చల్లారిపోయింది, మాట దెయ్యాల నుంచి హంతకుల మీదికి మళ్ళింది. ఆ తగవులో నేను సరిగ్గా చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను. హంతకుడు ఎవరో మాత్రం ఏ సినిమా గురించీ చెప్పను. దెయ్యాల గతం కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే తగవంతా దాని గురించే.

ముందు మసూద. 2022 నవంబరులో వచ్చింది. దర్శకుడు సాయికిరణ్‌కు అదే మొదటి సినిమా. నీలం అనే టీచరు (సంగీత) భర్తకు దూరంగా కూతురు నజియాతో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. పక్క ఫ్లాటులో గోపి (తిరువీర్) అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కూతురి ప్రవర్తన మారుతుంది. తల్లికి అర్ధరాత్రి తలుపు తట్టడానికి ఉన్నది ఆ పక్కింటి అబ్బాయి ఒక్కడే. కథ మొత్తం ఈ రెండు తలుపుల మధ్య మొదలవుతుంది.

ఇందులో నాకు నచ్చింది దెయ్యం కాదు, గోపి. మన సినిమాల్లో కథానాయకుడు భయపడితే అది హాస్యం కోసమే. గోపి మాత్రం నిజంగా భయపడతాడు. గొంతు పెగలదు, కాళ్ళు ముందుకు పడవు, వెనక్కి పోదామంటే మనసు ఒప్పదు. అతని ముఖం చూస్తుంటే, ఇంత రాత్రివేళ మనింటి తలుపు ఎవరైనా తడితే మనమూ ఇలాగే నిలబడతాం కదా అనిపిస్తుంది. చివర్లో అసలు ప్రమాదకరమైన పని ఆ పిరికివాడి నెత్తినే పడుతుంది, సినిమా అయిపోయే వరకూ అతను ధైర్యవంతుడు కాడు. వణుకుతూనే పని చేస్తాడు. తెరమీద దెయ్యం ఎంత భయంకరంగా ఉందో కొలవాలంటే ఎదురుగా నిలబడ్డవాడి చేతులు చూడాలి. తిరువీర్ చేతులు చూడండి.

ఇంకొకటి. ఒక ముస్లిం ఇంటిని, వాళ్ళ రోజువారీ బతుకును, కష్టం వస్తే వాళ్ళు వెళ్ళే బాబాను తెలుగు తెర ఇంత మామూలుగా చూపించడం అరుదు. మంత్రగాడి వేషాలు, ముగ్గులు, నిమ్మకాయలు మనకు అలవాటైపోయాయి. అలవాటైన వస్తువు భయపెట్టదు. నల్లటి బురఖాలో కదలకుండా నిలుచున్న ఆకారం, దానికి ప్రశాంత్ ఆర్ విహారి ఇచ్చిన నేపథ్య సంగీతం, మధ్యమధ్య ఆ సంగీతం కూడా ఆగిపోయే చోట్లు చాలాకాలం గుర్తుంటాయి. లోపం లేదని కాదు. రెండున్నర గంటలు దాటిన నిడివిలో గోపి ప్రేమకథను సగానికి కోసినా ఎవరూ అడగరు. మొదటి అరగంటలో మా వెనక సీట్లో ఒకాయన నిద్రపోయాడు కూడా. తర్వాత లేచాడు, అది వేరే సంగతి.

విరూపాక్ష 2023 ఏప్రిల్‌లో వచ్చింది. దర్శకుడు కార్తీక్ వర్మ దండు, స్క్రీన్‌ప్లే సుకుమార్. రుద్రవనం అనే ఊరు. చేతబడి చేస్తున్నారని ఒక జంటను ఊరంతా కలిసి తగలబెడుతుంది. మంటల్లో ఉన్న ఆడమనిషి పుష్కరకాలం తర్వాత ఈ ఊరు వల్లకాడవుతుందని శపిస్తుంది. పన్నెండేళ్ళు గడిచాయి. సూర్య (సాయి ధరమ్ తేజ్) తల్లితో కలిసి ఆ ఊరికి వస్తాడు, చావులు మొదలవుతాయి. గర్భగుడిలోనే ఒకడు ప్రాణం వదిలేసరికి పూజారి శాస్త్రం తిరగేసి ఊరికి అష్టదిగ్బంధనం చేయాలంటాడు. ఎనిమిది రోజులు ఎవరూ బయటికి పోకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు.

ఈ ఒక్క ఆలోచనకే సినిమాకు సగం మార్కులు వేయవచ్చు. కరోనా రోజుల్లో ఊళ్ళ పొలిమేరల్లో కంపలు అడ్డం వేసి, కాపలా కూర్చున్న దృశ్యాలు అందరికీ గుర్తే. దిగ్బంధనం అనగానే హాల్లో ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. పైగా దెయ్యం కంటే ఊరే ఎక్కువ భయపెడుతుంది. చావు తర్వాత చావు జరిగే కొద్దీ మంచివాళ్ళనుకున్న మనుషులు ఒకరినొకరు చూసుకునే చూపు మారుతుంది. శ్యామ్‌దత్ కెమెరా ఆ చీకటి ఊరిని తడిగా, చల్లగా పట్టుకుంది. కాంతారకు సంగీతం ఇచ్చిన అజనీష్ లోక్‌నాథ్ ఇక్కడ కుర్చీలు అదిరేలా వాయించాడు. మా బావమరిది చెప్పే పదిమంది కేకలు ఇక్కడ పుష్కలంగా దొరుకుతాయి.

అయితే చివరి అరగంటలో ఏమవుతుంది? ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎలా చేశారు అన్నీ వరసగా పూసగుచ్చినట్టు చెప్పేస్తారు. దర్శకుడి నిజాయితీని తప్పుపట్టను, ముడులన్నీ శుభ్రంగా విప్పాడు. కానీ విప్పిన తర్వాత చేతిలో మిగిలేది తాడే. నిప్పు పెట్టిన ఊరి మీద పగ తీర్చుకోవడం న్యాయమే అనిపించిన క్షణం నుంచి నేను భయపడటం మానేసి జాలిపడటం మొదలుపెట్టాను. జాలి మంచి గుణమే, కాకపోతే నేను టికెట్టు కొన్నది దానికి కాదు.

చందమామ చదివినవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని మౌనంగా నడిచినంతసేపే భేతాళుడు అతనితో ఉంటాడు. రాజు నోరు విప్పి ప్రశ్నకు సరైన సమాధానం చెప్పగానే శవంతో సహా మళ్ళీ చెట్టెక్కేస్తాడు. మన దర్శకుల్లో చాలామంది రాజుగారికంటే తొందరపడి సమాధానం చెప్పేస్తున్నారు.

మసూదలో ఫ్లాష్‌బ్యాక్ లేదా అని మా బావమరిది వెంటనే పట్టుకున్నాడు. ఉంది. అది వచ్చినప్పుడు సినిమా కాస్త సడలుతుంది కూడా. కానీ తేడా ఒకటుంది. మసూద అన్యాయమైపోయిన ఆడది కాదు. బతికుండగానే దుర్మార్గురాలు, చచ్చాక ఇంకా దుర్మార్గురాలు. ఆమెకు మనం బాకీ ఉన్న న్యాయం ఏమీ లేదు. కాబట్టి గతం తెలిసినా భయం తగ్గదు. తెలుగు దెయ్యానికి మనం ఎప్పుడూ ఒక వకాల్తా ఇస్తుంటాం: పాపం, దాన్ని చంపారు, దాని పగ తీరితే వెళ్ళిపోతుంది అని. 2023 నవంబరులోనే వచ్చిన మంగళవారం (అజయ్ భూపతి) కూడా చివరికి ఆ దారే పట్టింది. గోడల మీద రాతలు, వారం వారం చావులు అంటూ మొదటి సగం బిగువుగా నడిచి, రెండో సగం ఒక స్త్రీ బాధను చెప్పడానికి ఆగిపోతుంది. ఆ బాధ చిన్నదని అనను, పాయల్ రాజ్‌పుత్ దాన్ని బాగానే మోసింది. కానీ అది వేరే సినిమా.

అందుకని భయం వరకు నా ఓటు మసూదకే. హడావుడి, ఊరు, రంగు, నలుగురితో చూసే ఆనందం లెక్కలోకి తీసుకుంటే విరూపాక్ష మేలు. మసూదను పెద్ద గుంపుతో చూస్తే మొదటి సగంలో ఎవరో ఒకరు ఫోను తీస్తారు, ఆ వెలుగుతో అంతా పోతుంది.

నేరం కథలకు వస్తే ఈ లెక్క తిరగబడుతుంది. దెయ్యం సినిమాలో ప్రశ్న పెద్దది, సమాధానం చిన్నది కావాలి. దర్యాప్తు సినిమాలో సమాధానం ప్రశ్న కంటే పెద్దది కావాలి, లేకపోతే రెండు గంటలు క్లూల వెంట పరిగెత్తించి వట్టి చేతులతో ఇంటికి పంపినట్టే.

హిట్ వరుసలో మూడు సినిమాలు శైలేష్ కొలనువే, మూడింటికీ నాని నిర్మాణ సంస్థ ఉంది. మొదటిది 2020 ఫిబ్రవరి 28న, అంటే కరోనాతో థియేటర్లు మూతపడటానికి కొద్ది రోజుల ముందు వచ్చింది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు ఆగిపోయిన ఒక అమ్మాయి మాయమవుతుంది. సాయం చేయబోయిన పోలీసు ఇబ్రహీం (మురళీ శర్మ) ఉద్యోగం మీదికి తెచ్చుకుంటాడు. విక్రమ్ రుద్రరాజు (విశ్వక్ సేన్) కేసు చేపట్టేసరికి అతను ప్రేమించిన అమ్మాయి కూడా కనబడదు. విక్రమ్‌కు గతంలో ఏదో జరిగింది, మంట చూస్తే ఊపిరాడదు. ఆ ఏదో ఏమిటో మొదటి సినిమా చెప్పనే చెప్పదు.

విచిత్రం చూడండి. చెప్పని ఆ గాయం నాకు నేటికీ గుర్తుంది. హంతకుడు ఆ పని ఎందుకు చేశాడో చివర్లో వివరంగానే చెప్పారు, దాన్ని గుర్తు చేసుకోవాలంటే మాత్రం నేను రెండు నిమిషాలు తల గోక్కోవాలి. దర్యాప్తు నడిచిన తీరు, ఒక్కో అనుమానితుడిని వేసి తీసేసిన పద్ధతి మాత్రం మన దగ్గర అంతకుముందు అంత శ్రద్ధగా చూడలేదు. అడివి శేష్ చేసిన రెండోది (2022 డిసెంబరు) విశాఖలో జరుగుతుంది, మొదటిదానికంటే బిగువైనది. అక్కడ కూడా హంతకుడి చిన్ననాటి గాయం దగ్గరికి వచ్చేసరికి అదే హడావుడి. 2025 మే 1న వచ్చిన మూడోదానిలో నాని స్వయంగా అర్జున్ సర్కార్. దానిని దర్యాప్తు సినిమా అనను, దాడి సినిమా అంటాను. క్లూ కంటే కత్తి ఎక్కువ. 'ఎ' సర్టిఫికెట్టు ఊరికే ఇవ్వలేదు, పిల్లలున్న ఇంట్లో పెట్టకండి.

ఈ మూడింటి పక్కన ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయను పెడితే కొందరు నవ్వుతారు. 2019 నాటిది, పైగా కామెడీ. నెల్లూరులో చిన్న డిటెక్టివ్ ఆఫీసు, సినిమాలు చూసి డిటెక్టివ్ అయిపోయిన కుర్రాడు (నవీన్ పోలిశెట్టి), కోటు, టోపీ. రైలు పట్టాల పక్కన ఒక శవం దొరుకుతుంది. అక్కడి నుంచి నవ్వు కొద్దికొద్దిగా గొంతులో అడ్డం పడటం మొదలవుతుంది. మసూదను తీసిన నిర్మాత రాహుల్ యాదవ్ నక్కాదే ఈ సినిమా కూడా, దర్శకుడు స్వరూప్ ఆర్‌ఎస్‌జేకు ఇదే మొదటిది.

ఆరంభంలో ఒక చిన్న ఘట్టం ఉంది. తల్లి పోయిందని కబురు అందుతుంది. ఆత్రేయ ఊరు చేరేసరికి అంతా అయిపోయింది, కడసారి చూపు కూడా దక్కలేదు. చూసేవాళ్ళు దాన్ని పాత్రకు వేసిన ఒక సెంటిమెంటు అనుకొని పక్కన పెట్టేస్తారు. నేనూ అలాగే పెట్టేశాను. అది చివర్లో ఎందుకు తిరిగి వస్తుందో చెప్పను, చూడనివాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది. ఇక్కడి నేరం ఏ పిచ్చివాడి బాల్యం నుంచీ పుట్టలేదు. మన ఇళ్ళల్లో చావు జరిగినప్పుడు మనం గుడ్డిగా నమ్మే మాటలను ఆసరా చేసుకొని నడిచే వ్యాపారం అది. సమాధానం విన్నాక ప్రశ్న చిన్నదైపోయింది, భయం మాత్రం పెరిగింది. మసూద బయట ఉన్న దెయ్యం, ఇది మన బంధువుల నోటి మాటలో ఉన్న దెయ్యం. నేరం కథల్లో నా మొదటి ఓటు హిట్‌కు కాదు, దీనికే.

రెండూ కలిపి కావాలనేవాళ్ళకు మా ఊరి పొలిమేర ఉంది. మొదటి భాగం 2021లో నేరుగా ఓటీటీలో వచ్చింది, రెండోది 2023 నవంబరులో థియేటర్లలో. చేతబడి, హత్య, అన్నదమ్ములు, ఆటో నడిపే కొమిరి. ఇన్నాళ్ళూ నవ్వించిన సత్యం రాజేష్ కళ్ళల్లో ఆ చల్లదనం ఎక్కడిదో అర్థం కాదు. రెండో భాగం ట్విస్టుల మీద ట్విస్టులు పెట్టి అలసిపోయింది, మొదటిదే మేలు. 2025 సెప్టెంబరులో వచ్చిన కిష్కింధపురిలో దెయ్యాల కొంపలు చూపించే టూరు, మూతపడ్డ రేడియో స్టేషను బాగా కుదిరాయి. రేడియోలోంచి గొంతు వినబడే చోట ఒళ్ళు జలదరించింది. ఆ గొంతు ఎవరిదో తెలిశాక షరా మామూలే.

ఇదంతా విన్నాక మా బావమరిది ఒక్క మాట అన్నాడు. "బావా, మసూద నువ్వు సెకండ్ షోలో, ఏసీ పనిచేయని హాల్లో, పాతికమందితో చూశావు. విరూపాక్ష ఆదివారం మ్యాట్నీకి నాతో కలిసి, ఈలల మధ్య చూశావు. అటూ ఇటూ తారుమారై ఉంటే ఇదే తీర్పు చెప్పేవాడివా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. వచ్చే నెల వాళ్ళింట్లో మసూద పెడతారు, పిల్లాజెల్లా అందరూ, పకోడీలతో సహా. విరూపాక్ష నేను ఒక్కడినే చూడాలి, రాత్రి పన్నెండు దాటాక, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని. వంటింట్లో లైటు ఆర్పి ఉండాలన్నది మా ఆవిడ కలిపిన షరతు.