బోరు నీళ్ళ ఆర్సెనిక్ టెస్ట్ కిట్: ల్యాబ్ పని బాగుంది, రిపోర్టే బాలేదు

మాది న్యూజెర్సీలో హంటర్‌డన్ కౌంటీ, టౌన్ వాటర్ లేదు, ఇంటి బోరే దిక్కు. సొంత బోర్లకి ఫెడరల్ వాటర్ రూల్స్ వర్తించవు కాబట్టి నీళ్ళ సంగతి మనమే చూసుకోవాలి. ఇక్కడ ఆర్సెనిక్ అనే విషపదార్థం భూమి లోపలి రాళ్ళలోంచే వస్తుంది, రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి కూడా తెలీదు. పాపకి ఫార్ములా ఈ నీళ్ళతోనే కలుపుతున్నాం, ఉగ్గు కూడా మొదలుపెట్టాం, అందుకే పోస్టులో వచ్చే కిట్ ఒకటి తెప్పించా.

శాంపిల్ తీయడం ఈజీనే. సీసా అడుగున రెండు చుక్కల యాసిడ్ ఉంటుంది, అది పారబోయకూడదు, సీసా కడగకూడదు, ఫిల్టర్ లేని ట్యాప్ నుంచి పట్టాలి. రిజల్ట్ కూడా తొందరగానే పంపారు.

నా కోపమంతా రిపోర్ట్ మీదే. ఆర్సెనిక్ 8 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 8 భాగాలు) అని వేసి పక్కనే పచ్చ టిక్కు పెట్టి పాస్ అన్నారు! వాళ్ళు చూసింది ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లిమిట్ 10, కానీ న్యూజెర్సీలో 2006 నుంచీ లిమిట్ 5. అడ్రస్ తీసుకున్నారు కదా, రాష్ట్రం లిమిట్ వేయడానికి ఏమైంది? ఒంటి బరువుతో చూస్తే చంటిపిల్లలు మనకంటే చాలా ఎక్కువ నీళ్ళు తాగుతారు, ఆ టిక్కు చూసి ఎంతమంది అమ్మలు హమ్మయ్య అనుకుని వదిలేసి ఉంటారో. ఫోన్ చేస్తే కాచి తాగించండి అన్నారు, ఇది ఇంకా ఘోరం. కాస్తే నీళ్ళే ఆవిరైపోతాయి, ఆర్సెనిక్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది.

మేం సింక్ కింద ఆర్‌ఓ ఫిల్టర్ పెట్టించి మళ్ళీ టెస్ట్ చేయించాం. రెండోసారి టెస్ట్ మానకండి, ఆర్సెనిక్‌లో రెండు రకాలుంటాయి, ఒక రకాన్ని ఆర్‌ఓలు సరిగ్గా ఆపలేవు.

మన ఇళ్ళల్లో రెండుపూటలా అన్నమే కాబట్టి ఇంకోటి చెప్పాలి. బియ్యంలోనే కొంత ఆర్సెనిక్ ఉంటుంది, దంపుడు బియ్యంలో ఇంకాస్త ఎక్కువ. ఇలాంటి నీళ్ళతో కుక్కర్‌లో పెడితే ఆ నీళ్ళలోది కూడా అన్నం పీల్చుకుంటుంది. మంచి నీళ్ళు ఎక్కువ పోసి ఉడికించి గంజి వార్చేస్తే 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుందని ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, మందుల సంస్థ) చెప్తోంది, అమ్మమ్మ వాళ్ళు వార్చినట్టే. పాపకి బియ్యం ఉగ్గు ఒక్కటే కాకుండా రాగి, ఓట్స్ మార్చి మార్చి పెడుతున్నా.

ల్యాబ్‌కి 4 స్టార్లు, రిపోర్ట్‌కి 1. కొనండి, కానీ టిక్కు చూడకండి, నంబర్ చూసి మీ రాష్ట్రం లిమిట్‌తో మీరే పోల్చుకోండి.