కాగే నీళ్లతో మూడేళ్లు: జిడ్డు వదిలింది, పైపు వంగింది

ముందుగా వంటగది చిమ్నీ జాలీ గురించి చెప్పాలి, ఎందుకంటే మరిగే నీళ్లతో శుభ్రం చేసే ఈ అలవాటు నాకు అంటుకున్నది దానివల్లే. అంతకుముందు ఆ జాలీని దించి, సబ్బు రాసి, పాత టూత్‌బ్రష్‌తో ముప్పావు గంట రుద్దేవాణ్ణి. చేతులు లాగేవి. జాలీ మాత్రం పట్టుకుంటే వేళ్లకు అంటుకుంటూనే ఉండేది. ఒకరోజు విసుగొచ్చి, దాన్ని పెద్ద టబ్బులో ఏటవాలుగా నిలబెట్టి, కెటిల్‌లో అప్పుడే మరిగిన నీళ్లు పైనుంచి సన్నగా పోశాను. నీళ్లు తగిలిన చోటల్లా ఆ గోధుమరంగు జిడ్డు ముందు మెరిసింది, తర్వాత కదిలింది, ఆపైన చారలు చారలుగా కిందికి జారింది. టబ్బులో నీళ్లమీద చిన్నా పెద్దా నూనె వలయాలు తేలాయి. పాత నూనె వాసన గుప్పుమంది. జాలీని పైకెత్తి చూస్తే గళ్లలోంచి అవతలి గోడ కనబడింది, అలా కనబడి ఎన్ని నెలలైందో! చెయ్యి పెట్టి రుద్దకుండా జిడ్డు పోవడంలో అంత సంతోషం ఉంటుందని నాకు తెలియదు. మూడేళ్లయినా అది తగ్గలేదు. మా ఇంట్లో నెలకోసారి ఆ పని అడిగి మరీ నేనే చేస్తాను.

వెన్న లాంటివి 30–35 డిగ్రీలకే కరుగుతాయి, మాంసం కొవ్వుకు ఇంకాస్త వేడి కావాలి. జిడ్డు కరగడం ఒక ఎత్తయితే, నీళ్లు కూడా వేడికి మారిపోతాయి. 20 డిగ్రీల నీళ్లకున్న చిక్కదనంలో మరిగే నీళ్లకు మూడోవంతు కూడా మిగలదు, తలతన్యత, అంటే చుక్కలా ముడుచుకుని ఉండే గుణం, కూడా తగ్గుతుంది. అందుకే చన్నీళ్లు పైపైన జారిపోయే సందుల్లోకి కూడా ఇవి దూరతాయి.

కొత్తలో నేను కనబడ్డ వాళ్లందరికీ "ఒట్టి వేణ్ణీళ్లు చాలు, సబ్బే అక్కర్లేదు" అని చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. నెల రోజుల జిడ్డయితే నిజంగానే ఒట్టి నీళ్లకు పోతుంది. ఆరు నెలలు పొయ్యి సెగకు ఆరి గట్టిపడినది మాత్రం కదలదు. గాలికీ వేడికీ అలా మారిన నూనె వార్నిష్ పూతలా పట్టుకుంటుంది. దానికి వేడి నీళ్లలో వాషింగ్ సోడా కలపాల్సిందే. కలిపే ముందు జాలీ స్టీలుదా, అల్యూమినియందా చూసుకోండి. నాది అల్యూమినియం. రెండు పెద్ద చెంచాల సోడా వేసి, ఫోన్లో మాటల్లో పడి మర్చిపోయాను. తిరిగొచ్చేసరికి వెండిలా ఉండే జాలీ నల్లగా కమిలిపోయింది. సోడాలోని క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. జాలీ ఇంకా పనిచేస్తోంది గానీ ఆ నలుపు ఇప్పటికీ పోలేదు.

మిగతా పనుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. గచ్చు వేడి నీళ్లతో తుడిస్తే త్వరగా ఆరుతుంది, చారలు తక్కువ. పొయ్యి గట్టుమీద ఎండిపోయిన మరకమీద వేడి నీళ్లలో ముంచిన గుడ్డ ఐదు నిమిషాలు పరిస్తే గీకే పని ఉండదు. దుప్పట్లూ దిండు గలీబులూ 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే దుమ్ము పురుగులు చస్తాయి. పొద్దున లేస్తూనే తుమ్మే నాకు ఆ తేడా బాగానే తెలిసింది.

ఇక సింక్ సంగతి. జాలీ దగ్గర అంత బాగా పనిచేసింది కదా అని, రోజూ రాత్రి గిన్నెలు కడిగాక సింక్ రంధ్రంలో కెటిలెడు మరిగే నీళ్లు పోయడం మొదలుపెట్టాను. పైపులో జిడ్డు పేరుకోదు, వాసన రాదు అని నా లెక్క. మొదటి ఏడాదంతా ఆ లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనబడింది. నీళ్లు గడగడా దిగిపోయేవి. స్టీలు సింక్ వేడికి సాగి టక్కుమనేది. ఆ చప్పుడు వింటే వంటగదికి తలుపు వేసినట్టే, ఇక పడుకోవచ్చు.

ఏడాదిన్నర గడిచాక సింక్ కింది అరలో ముక్కవాసన మొదలైంది. చెత్త సంచిదేమో అనుకుని సంచి మార్చాను. వారం తర్వాత అర అడుగున పరిచిన కాగితం చేతికి చెమ్మగా తగిలింది. లాగితే ముద్దలా ఊడొచ్చింది. దాని కింద చెక్క ఉబ్బి, పొరలు పొరలుగా లేచి ఉంది. టార్చి వేసి చూస్తే పైపు వంపు దగ్గర ఒక చుక్క ఊరుతోంది. అక్కడే చతికిలబడి దాన్ని చూస్తూ ఉండిపోయాను. నిండటానికి దాదాపు నిమిషం పట్టింది. పడింది. మళ్లీ ఇంకోటి ఊరడం మొదలైంది. ఇలా ఎన్ని వారాలుగా రాత్రీ పగలూ పడుతోందో అనుకుంటే కడుపులో తిప్పినట్టయింది.

మర్నాడు వచ్చిన ప్లంబర్ పైపును చేత్తో తడిమి, "ఇందులో రోజూ కాగే నీళ్లు పోస్తున్నారా సార్?" అన్నాడు. నేను చెప్పకుండానే ఎలా తెలిసిందని అడిగితే, తిన్నగా ఉండాల్సిన ముక్క నడుమ దగ్గర కుంగి ఉండటం వేలు పెట్టి చూపించాడు. మామూలు తెల్ల పీవీసీ పైపు 60 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. 80 దగ్గరికి వచ్చేసరికి ఆ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఎప్పుడో ఒకసారి పోస్తే చల్లారి మళ్లీ గట్టిపడుతుంది. నా పైపు రోజూ మెత్తబడింది, నీళ్ల బరువుకు రోజూ కొంచెం సాగింది, ఆ సాగుడుకు జాయింటు ఒక పక్కకు లాగేసింది. లోపలి రబ్బరు వాషర్ పెళుసెక్కి, వేళ్లతో నొక్కగానే విరిగింది.

నన్ను అంతకన్నా ఎక్కువ బాధపెట్టింది తర్వాత చూసిందే. గోడలోకి వెళ్లే అడ్డ పైపు విప్పి నా ముందు పెట్టాడు. లోపల చుట్టూతా కొవ్వొత్తి మైనంలా తెల్లటి పొర, అర వేలు మందాన పట్టి ఉంది. గోటితో గీరితే చెక్కులు చెక్కులుగా లేచింది. నేను రోజూ రాత్రి కరిగించి పంపించిన జిడ్డే అది. రంధ్రం దగ్గర కరిగింది, రెండు మూడు అడుగులు పోయేసరికి నీళ్లు చల్లారాయి, అక్కడ సబ్బు మడ్డితో కలిసి మళ్లీ గడ్డకట్టింది. ఇంకో ఆరు నెలలు అలాగే పోసి ఉంటే పైపు పూర్తిగా పూడుకుపోయేదని ప్లంబర్ అన్నాడు. ఆ పొర చూశాక నమ్మక తప్పలేదు.

అప్పటినుంచి సింక్‌లోకి మరిగే నీళ్లు పోయడం మానేశాను. జిడ్డు గిన్నెలను ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితం చెత్తలో వేసి, ఆ తర్వాతే కడుగుతున్నాను. వేడి నీళ్లు పారబోయాల్సి వస్తే పక్కనే చన్నీళ్ల కుళాయి తిప్పి ఉంచుతాను. కొత్త పైపు వేసి ఏడాదిన్నరయింది. మొన్న విప్పించి చూస్తే లోపల దాదాపు శుభ్రంగానే ఉంది.

బట్టల విషయంలో ఒక తప్పు చేశాను. కాలు కోసుకున్నప్పుడు దుప్పటి మీద రక్తం పడితే, ఎంత వేడి నీళ్లు పోస్తే అంత మంచిదని వెంటనే కెటిల్ పెట్టాను. ఎర్రటి మరక కళ్లముందే గోధుమరంగుకు తిరిగి, దారాల్లోకి దిగిపోయింది. గుడ్డు వేడికి గట్టిపడినట్టే రక్తంలోని, పాలలోని ప్రోటీన్లు కూడా గడ్డకడతాయి, ఇక వదలవు. అలాంటి మరకలకు చన్నీళ్లే పోయాలి, అదీ ఆరకముందే. మరకలు తీసే ఎంజైములున్న డిటర్జెంటయినా మరిగే నీళ్లలో వేస్తే ఆ ఎంజైములు పాడైపోతాయి.

వేడి నీళ్లు పోస్తే క్రిములన్నీ పోతాయని కూడా గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడంత గట్టిగా చెప్పను. పాలను పాశ్చరైజ్ చేయాలంటే, అంటే వేడితో అందులోని హానికర క్రిములను చంపాలంటే, 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలో, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లో ఉంచాలి. వేడితో పాటు అది నిలిచే సమయం కూడా ముఖ్యం. మాప్‌ను వేడి నీళ్లలో ముంచి, పిండి, చల్లటి గచ్చుమీద లాగేసరికి అందులో మిగిలేది గోరువెచ్చదనమే. గిన్నెలు తుడిచే గుడ్డలను మాత్రం పాత గిన్నెలో వేసి పది నిమిషాలు సలసలా మరగనిస్తాను. వాటికి పట్టే పులిసిన వాసన ఒక్క దెబ్బకు పోతుంది. ఈ మాట మీద ఇంకా నిలబడతాను.

కాలడం గురించి చెప్పకుండా ఈ సమీక్ష ముగించలేను. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లు తగిలితే చాలు, చర్మం లోపలిదాకా కాలుతుంది. మరిగే నీళ్లకు ఆ వ్యవధి కూడా అక్కర్లేదు. మిక్సీ జారులో వేడి నీళ్లు పోసి మూత బిగించి తిప్పితే శుభ్రమవుతుందనుకుని ఒకసారి చేశాను. లోపలి ఆవిరి మూతను ఎగదన్నింది, మణికట్టంతా ఎర్రగా కమిలింది. కుళాయి కింద 20 నిమిషాలు చెయ్యి పెట్టి కూర్చున్నాను కాబట్టి బొబ్బ చిన్నదే లేచింది. ఇంకొక మాట, బ్లీచ్‌ను వేడి నీళ్లలో ఎప్పుడూ కలపకండి. దాని శక్తీ త్వరగా పోతుంది, వచ్చే ఘాటు వాయువు గొంతు పట్టేస్తుంది.

మా ఇంట్లో ఇద్దరం పెద్దవాళ్లమే, కాళ్లకు అడ్డంపడే చిన్నపిల్లలు లేరు. గిన్నెలన్నీ స్టీలువి. చిమ్నీ కింద రోజూ వంట జరుగుతుంది. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి నాకు కుదిరింది. పాకే పసిపిల్ల ఉన్న ఇంట్లో టబ్బెడు మరిగే నీళ్లు నేలమీద పెట్టమని నేను చెప్పలేను. గాజు సామాన్లు ఎక్కువున్నా, చెక్క గచ్చున్నా నా పద్ధతి మీకు నష్టమే చేయొచ్చు. నీళ్లలో సున్నం ఎక్కువైతే కెటిల్ అడుగున తెల్లటి పొలుసు కడుతుంది, అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు వేసి మరిగించాలి, నేనూ అదే చేస్తున్నాను.

ఈ ఆదివారం మళ్లీ జాలీ దించాలి. ఈసారి సోడా లేకుండా, ఒట్టి మరిగే నీళ్లే. టబ్బు నీళ్లు చల్లారేదాకా ఆగి, పైన తేలిన జిడ్డును పాత కాగితంతో అద్ది తీసేశాకే పారబోస్తాను.