వెండి నగిషీకి కోత పనిముట్లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కావలిలో మా ఇంటి వెనక గదిలో వెండి, ఇత్తడి పని చేస్తాను. పేర్ల లాకెట్లు, చెవి దిద్దులు కోస్తాను. బారసాలకి ఇచ్చే వెండి గ్లాసుల మీద, గృహప్రవేశాలకి ఇచ్చే కుంకుమ భరిణెల మీద పేర్లు చెక్కుతాను. కొత్తగా ఈ పని మొదలుపెడదామనుకునే వాళ్లు నన్ను ముందు అడిగేది ఏ మోటారు కొనాలని. మోటారు సంగతి తర్వాత చూసుకోవచ్చు. చేతిలో ఉన్న డబ్బు ముందు రంపం బ్లేడు, ఉలి, సానరాయి మీద పెట్టమనే అందరికీ చెప్తాను. పని బాగుపడినా పాడైనా ఈ మూడింటి వల్లే.

రంపం ఫ్రేముకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. మూడంగుళాల లోతు ఉన్నది లాకెట్లకి, దిద్దులకి సరిపోతుంది. అంతకంటే లోతైనవి బరువెక్కువ, చెయ్యి త్వరగా లాగుతుంది, మలుపుల్లో అటూ ఇటూ ఊగుతాయి. కొనేటప్పుడు పొడవు సర్దుకునే స్క్రూ ఉందో లేదో మాత్రం చూడండి. అది ఉంటే విరిగిన బ్లేడు ముక్క కూడా పొడవుంటే మళ్లీ బిగించుకోవచ్చు.

బ్లేడు దగ్గర పిసినారితనం పనికిరాదు. నేను చవక బ్లేడ్లూ వాడాను, స్విస్, జర్మన్ బ్లేడ్లూ వాడాను. చవక వాటిలో ఒకే డజనులో రెండు ఒకేలా ఉండవు. ఒకటి ఇత్తడి మీద కాసేపటికే పళ్లు అరిగిపోతుంది, ఇంకోటి బిగిస్తుండగానే టప్పున విరుగుతుంది. మంచివి ధర రెండు మూడింతలున్నా గీత మీద నిలబడి కోస్తాయి. కోత శుభ్రంగా ఉంటే తర్వాత ఆకురాయి పని సగం తగ్గుతుంది. వెండిలో ఆకురాయి పని తగ్గడమంటే రజనుగా పోయే వెండి కూడా తగ్గడమే.

సైజు సంగతి. ఇరవై గేజు రేకు, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం, దానికి 2/0 బ్లేడు వాడతాను. ఇరవై నాలుగు గేజుకి, అంటే 0.56 మిల్లీమీటర్లకి, 4/0 లేదా ఇంకా సన్నది. సున్నాల ముందు అంకె పెరిగే కొద్దీ బ్లేడు సన్నబడుతుంది. రేకు మందంలో ఎప్పుడూ కనీసం రెండు పళ్లు ఆనాలనేది పాత లెక్క. పలుచని రేకులో అది పూర్తిగా కుదరదు గానీ, ముతక పళ్లు పెడితే ప్రతి పన్నూ అంచుకి తగులుకుని బ్లేడు విరుగుతుంది.

బిగించేటప్పుడు పళ్లు బయటికి, పిడి వైపుకి చూడాలి. కోత కిందికి లాగేటప్పుడు పడుతుంది, పైకి వచ్చేటప్పుడు కాదు. పై కొస బిగించి, ఫ్రేముని బల్ల అంచుకీ ఛాతీకీ మధ్య కాస్త నొక్కిపెట్టి కింది కొస బిగించండి. వదిలాక గోటితో మీటితే తంబుర తీగలా సన్నగా మోగాలి. డబ్ మంటే వదులుగా ఉన్నట్టు, మూలల్లో విరగడం ఖాయం. మూల వచ్చినప్పుడు ముందుకి తోయకుండా ఉన్నచోటే రంపం ఆడిస్తూ రేకుని మెల్లగా తిప్పాలి. బ్లేడు వీపుకి కొంచెం తేనె మైనం రాయండి, కొవ్వొత్తి ముక్కైనా చాలు.

మాది సముద్రం గాలి తగిలే ఊరు కాబట్టి బ్లేడ్లు తుప్పు పడతాయి. మూతున్న చిన్న గొట్టంలో రెండు చుక్కలు మెషిన్ నూనె వేసి ఉంచుతాను. రోహిణి కార్తెలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం నరకమే. అయినా కోసేటప్పుడు ఫ్యాన్ ఆపాల్సిందే, లేకపోతే వెండి రజను పళ్లెంలో పడకుండా గదంతా పోతుంది.

ఇక ఉలి. నగిషీకి వాడే గ్రేవర్ ఉలి హెచ్‌ఎస్‌ఎస్‌లో, అంటే హై స్పీడ్ స్టీలులో, ఒక చదరం, ఒక బల్లపరుపు ఉంటే మొదలుపెట్టవచ్చు. ముఖం, అంటే మొన దగ్గర ఏటవాలుగా సానపట్టిన ముందు భాగం, 45 డిగ్రీలు. మడమ, అంటే మొన కింది వైపు సానపట్టిన చిన్న అంచు, 15 నుంచి 20 డిగ్రీల మధ్య. మడమ పొడవు ఒక మిల్లీమీటరు లోపే ఉంచుతాను. గ్లాసు లాంటి వంపు మీద మడమ పొడవైతే వెనక భాగం రుద్దుకుని అక్షరం పక్కనే మచ్చ పడుతుంది. ముందు 600 నంబరు డైమండ్ పలక, తర్వాత 1200, ఆ తర్వాత సిరామిక్ రాయి మీద మెరుగు. ఈ చివరి మెరుగు వదిలేస్తే గీత పడుతుంది గానీ తళుకు రాదు. ఉలి ముఖం అద్దంలా ఉంటేనే వెండిలో గీత మెరుస్తుంది.

పదును చూసే పద్ధతి మా వీధిలో ఉండే పెద్దాయన, ఆచారి గారు, చూపించారు. "గోటి మీద ఆనించి చూడమ్మా, జారిందంటే సాన పట్టు" అన్నారు. నేను దీపం కింద కూడా చూస్తాను. మొనలో తెల్లటి చుక్క మెరిస్తే అది మొద్దుబారినట్టే.

కార్బైడ్ ఉలి స్టెయిన్‌లెస్ స్టీలుకి బాగుంటుంది. వెండి, ఇత్తడికి మాత్రం హెచ్‌ఎస్‌ఎస్ చాలని నా గట్టి నమ్మకం. కార్బైడ్ గట్టిదే కానీ పెళుసు, కిందపడితే మొన రాలుతుంది. మామూలు సానరాయి దాన్ని అరగదీయలేదు, డైమండ్ ఉండాల్సిందే. వాడితే ముఖం కోణం 50 దాటించండి, మొనకి కాస్త బలం వస్తుంది. స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టే కరెంటు పెన్ను వెండి గ్లాసుకి వాడకండి. అది లోహాన్ని కోయదు, చుక్కలు చుక్కలుగా గుచ్చుతుంది. ఆ అక్షరం పక్కన ఉలితో చెక్కిన అక్షరం పెట్టి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది.

వేలాడే మోటారు, కాలి పెడలుతో ఉండేది, నా దగ్గరుంది. బ్లేడు దూర్చడానికి బెజ్జాలు వేయడానికి, లోపలి అంచులు సవరించడానికి మంచి సాయం. దానికి డిస్కు పెట్టి వెండి కోయడం మాత్రం నాకు నచ్చదు. 2/0 బ్లేడు తినేది పావు మిల్లీమీటరు, డిస్కు చాలాసార్లు అంతకు రెట్టింపు తింటుంది. పైగా డిస్కు పగిలితే ముక్కలు ముఖం మీదికి వస్తాయి, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకండి. రేకు కత్తెర పెద్ద రేకుని ముక్కలు చేసేవరకే, అంచు వంకర పోతుంది.

పనిముట్లు నెల్లూరు ఆచారి వీధి వైపు దొరుకుతాయి. బ్లేడు సైజులన్నీ కావాలంటే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు సౌకార్‌పేట వెళ్లడమే మేలు, అక్కడ గ్రోసు లెక్కన, అంటే 144 కలిపి, తీసుకోవచ్చు. ఆకురాళ్లు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు జాగ్రత్త. స్విస్ అని రాసి అమ్మిన సెట్టు ఒకటి నా దగ్గర ఇత్తడికే నున్నగా అరిగిపోయింది.

3018 సీఎన్‌సీ మెషిన్, అంటే కంప్యూటరుతో నడిచే చిన్న చెక్కుడు యంత్రం, కొనలేదా అని చాలామంది అడుగుతున్నారు. 300 × 180 మిల్లీమీటర్ల బల్ల మీద, 30 డిగ్రీల వి-బిట్‌తో (V ఆకారం మొన ఉన్న బిట్) చదునైన ఇత్తడి రేకు మీద అది బాగానే చెక్కుతుంది. నాకొచ్చే ఆర్డర్లలో ఎక్కువ గుండ్రటి గ్లాసులూ భరిణెలే కాబట్టి నాకు దాంతో పని పడలేదు. ఇత్తడి నేమ్ ప్లేట్ల ఆర్డర్లు పెరిగితే అప్పుడు కొంటాను.